రోజుకు 4 లీటర్ల నీళ్ళు తాగినా మలబద్ధకం తగ్గనప్పుడు

చంద్రగిరి నుంచి మీరు రాసిన ప్రశ్నను శ్రద్ధగా చదివాను. మీ అమ్మగారికి 62 ఏళ్ళు. ఏడాదిగా మూడు నాలుగు రోజులకు ఒకసారి మాత్రమే విరేచనం అవుతోంది. అది కూడా గట్టిగా, ఉండలుగా, చాలాసేపు ముక్కితే తప్ప కావడం లేదు. ఎవరో పంపిన వీడియో చూసి రెండు నెలలుగా ఆవిడ నిద్ర లేవగానే పరగడుపున లీటరున్నర, ఆ తరువాత రోజంతా కలిపి మొత్తం 4 లీటర్ల దాకా నీళ్ళు తాగుతున్నారు. జీర్ణరసాలు పలచబడతాయన్న భయంతో భోజనం మధ్యలో మాత్రం చుక్క నీరు ముట్టడం లేదు. రక్తపోటుకు ఒక మాత్ర, వాటితోపాటు కాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతున్నారు. ఇంత చేసినా మలబద్ధకం అలాగే ఉంది, రాత్రిళ్ళు నాలుగుసార్లు మూత్రానికి లేవడం మాత్రం కొత్తగా మొదలైంది, నీళ్ళు ఇంకా పెంచాలా అని అడిగారు.

పెంచవద్దు. రేపటి నుంచి తగ్గించండి. ఎందుకు తగ్గించాలో, దానికి బదులు ఏం చేయాలో వివరంగా రాస్తాను. నేను తిరుపతిలో ఆసుపత్రి పోషకాహార నిపుణురాలిగా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఉదరకోశ వ్యాధులతో వచ్చేవారి తిండినీ నీటినీ లెక్కగట్టి సలహా చెప్పడమే నా రోజువారీ పని. "నీళ్ళు బాగా తాగుతున్నానమ్మా, అయినా తగ్గలేదు" అనే మాట నా బల్ల ముందు తరచుగా వినిపిస్తుంది. నీటికీ మలానికీ సంబంధం ఉన్న మాట నిజమే కానీ, అది జనం అనుకునేంత సూటి సంబంధం కాదు.

ముందుగా, ఆలస్యం చేయకూడని విషయం ఒకటి చెప్పాలి. అమ్మగారి రక్తపోటు మాత్ర అట్ట మీద హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. చాలా రక్తపోటు మాత్రల్లో రెండు మందులు కలిసి ఉంటాయి. ఆ రెండో మందు తరచుగా ఈ కోవకు చెందినదే. ఇవి శరీరంలోని సోడియాన్ని మూత్రంతో బయటికి పంపుతాయి, పైగా అదనపు నీటిని వదిలించుకునే శక్తిని మూత్రపిండాలకు తగ్గిస్తాయి. అరవై దాటినవారు వీటిని వాడుతూ రోజుకు 4 లీటర్లు తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. లీటరు రక్తానికి 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండవలసిన సోడియం తగ్గితే మొదట తలనొప్పి, వికారం, నీరసం, నడకలో తూలు కనిపిస్తాయి. మరీ తగ్గితే మాట తడబడడం, మతి తప్పడం, ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు. ఎండాకాలంలో ఇంట్లోవాళ్ళు ఈ లక్షణాలను వడదెబ్బ అనుకొని ఇంకా నీళ్ళు తాగించడం చూశాను. సోడియం పరీక్ష చిన్నది, ఖరీదు తక్కువ, ఈ వారంలోనే చేయించండి. రాత్రి మూత్రం పెరగడానికి మధుమేహం కూడా కారణం కావచ్చు కాబట్టి అదే రక్తంతో చక్కెర కూడా చూడమనండి. మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. రాసిన డాక్టరుగారికి ఈ నీళ్ళ సంగతి చెప్పి ఆయన చెప్పినట్టు చేయండి. గుండె బలహీనతో, మూత్రపిండాల జబ్బో ఉన్నవారి నీటి లెక్క పూర్తిగా వేరు. వారు డాక్టరు చెప్పిన కొలతను దాటకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం తాగిన నీరు నేరుగా పెద్దపేగుకు వెళ్ళి మలాన్ని నానబెడుతుందని చాలామంది ఊహ. దారిలో జరిగేది వేరు. తిండితో, పానీయాలతో మనం రోజూ లోపలికి పంపేది సుమారు 2 లీటర్ల ద్రవం. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, చిన్నపేగులో ఊరే రసం, ఇవన్నీ కలిపి శరీరం తనంతట తాను పేగులోకి పోసేది సుమారు 7 లీటర్లు. అంటే రోజుకు 9 లీటర్ల దాకా ద్రవం చిన్నపేగు గుండా సాగుతుంది. అందులో అత్యధిక భాగాన్ని చిన్నపేగే రక్తంలోకి లాగేసుకుంటుంది. పెద్దపేగును చేరేది లీటరు, లీటరున్నర మాత్రమే. దానిలోంచి పెద్దపేగు పీల్చుకోగా చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. అవసరం పడితే పెద్దపేగు రోజుకు 4 లీటర్ల దాకా పీల్చుకోగలదు. అంత శక్తి ఉన్న పేగులకు మరో రెండు లీటర్లు అదనంగా అందిస్తే అవి మలం దాకా వెళ్ళవు. రక్తంలో కలిసి, మూత్రపిండాల గుండా మూత్రమై పోతాయి. అమ్మగారు రాత్రిళ్ళు లేవవలసి రావడానికి మొదట అనుమానించవలసింది దీన్నే. ఆ వయసులో నిద్రమత్తులో, చీకటిలో స్నానాలగదికి నడవడం ఎంత ప్రమాదమో మీకు చెప్పనవసరం లేదు.

మామూలు మలంలో నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది. గట్టి ఉండల్లో కూడా ఆ పాలు మరీ ఎక్కువగా తగ్గదు. కొద్ది తేడాతోనే మెత్తదనం గట్టిదనంగా మారిపోతుంది. ఆ కొద్ది తేడాను నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: నీటిని పేగు గోడలకు వదిలిపెట్టకుండా పట్టి ఉంచే పదార్థం మలంలో ఎంత ఉన్నది అనేది ఒకటి, ఆ మలం పెద్దపేగులో ఎంతసేపు నిలిచిపోయింది అనేది మరొకటి. ఎంత ఎక్కువసేపు నిలిస్తే పెద్దపేగు అంత నీటిని పీల్చేస్తుంది. డాక్టర్లు మలబద్ధకానికి రాసే లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్ మందులు పనిచేసే తీరు కూడా ఇదే. అవి రక్తంలోకి పెద్దగా పోకుండా పేగులోనే ఉండి నీటిని తమతో నిలుపుకుంటాయి. నీరు ఒక్కటే చాలేదైతే ఆ మందుల అవసరమే ఉండేది కాదు.

అంతమాత్రాన నీటికి పాత్రే లేదని నేను అనడం లేదు. శరీరానికి నీరు నిజంగా తక్కువైనప్పుడు సంగతి పూర్తిగా మారుతుంది. నీటి కొరత వచ్చినప్పుడు మూత్రం చిక్కబడినట్టే మలమూ ఎండుతుంది. 1990లో జర్మనీ నుంచి వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యవంతులైన ఎనిమిది మంది పురుషులు ఒక వారం రోజుకు రెండున్నర లీటర్లకు పైగా, మరో వారం అరలీటరు లోపు పానీయాలు తీసుకున్నారు. తక్కువ తాగిన వారంలో విరేచనాలు సగటున ఏడు నుంచి అయిదుకు తగ్గాయి, మలం బరువు కూడా తగ్గింది. 1998లో ఇటలీ పరిశోధకులు దీర్ఘకాల మలబద్ధకం ఉన్న 117 మందికి రోజుకు 25 గ్రాముల పీచు ఉండే ఆహారం ఇచ్చి, ఒక వర్గాన్ని తమకు తోచినంత నీరు తాగమన్నారు, మరో వర్గాన్ని రోజుకు 2 లీటర్ల మినరల్ నీరు తాగమన్నారు. తోచినంత తాగినవారి సగటు లీటరు పైచిలుకు మాత్రమే. రెండు నెలల్లో రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి కానీ, 2 లీటర్ల వర్గంలో మెరుగుదల ఎక్కువ, విరేచన మందుల వాడకం కూడా బాగా తగ్గింది. ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. వారు లీటరు నుంచి రెండు లీటర్లకు పెరిగారు, రెండు నుంచి నాలుగుకు కాదు. ఆ నీటితో పాటు తగినంత పీచు తిన్నారు. వారు తాగిన నీటిలో మెగ్నీషియం కూడా ఎక్కువ. మెగ్నీషియానికి విరేచనాన్ని వదులు చేసే గుణం ఉంది. ఇలాంటి అధ్యయనాల నుంచి "నీళ్ళు ఎంత తాగితే అంత మంచిది" అనే మాట మాత్రమే వీడియోల్లోకి వచ్చింది, మిగతా సగం రాలేదు.

నీటి కొరత నిజంగా ఉన్నవారు నాకు ఎక్కువగా కనిపించేది బయట పనిచేసే ఆడవాళ్ళలో. బట్టల దుకాణంలో పొద్దుటి నుంచి రాత్రి వరకు నిలబడి చీరలు విప్పి చూపించే ఒక అమ్మాయి, రెండు గంటలు అనుమతి అడుక్కొని సాయంత్రం పూట నా దగ్గరకు వచ్చింది. రోజుకు ఎంత తాగుతావని అడిగితే జవాబు చెప్పకుండా సంచిలోంచి లీటరు సీసా తీసి బల్లమీద పెట్టింది. మూత దగ్గర నుంచి నాలుగు వేళ్ళంత మాత్రమే తగ్గి ఉంది, మిగతాదంతా పొద్దున ఇంట్లో పట్టుకున్న నీరే. ఎందుకు తాగలేదంటే, కిందికి వెళ్ళాలంటే ప్రతిసారీ సూపర్‌వైజరును అడగాలని, అందరికీ ఉన్న ఒకే మరుగుదొడ్డి తలుపు సరిగా పడదని తలవంచుకొని చెప్పింది. ఆమెకు కావలసింది నీళ్ళ గొప్పదనం గురించిన ఉపన్యాసం కాదు. ఇంటి దగ్గర లేవగానే ఒక గ్లాసు, టిఫినుతో మరొకటి, మధ్యాహ్న భోజనంతో నిండు గ్లాసు మజ్జిగ, ఇంటికి వెళ్ళగానే రెండు గ్లాసులు అని ఆమె రోజుకు సరిపోయేలా సర్దాము. ఆ అమ్మాయి విషయంలో నీరే పెద్ద మందుగా పనిచేసింది, ఎందుకంటే కొరత అక్కడే ఉంది. మరుగుదొడ్డి సరిగా లేని బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లు, బస్సు కండక్టర్లు, తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చోవలసి వస్తుందని ముందురోజు నుంచే నీళ్ళు మానేసే భక్తులు, అందరి కథా ఇదే. ఇలాంటివారు కొండ మీద జలప్రసాదం కుళాయి కనబడిన ప్రతిచోటా నాలుగు గుక్కలు తాగుతూ వెళితే ఇంటికి చేరాక వారం రోజులు అవస్థ పడనవసరం ఉండదు.

మీ అమ్మగారికి నీరు చాలుతోందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. పగటిపూట మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే చాలుతున్నట్టే. ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే చాలడం లేదు. రోజంతా పచ్చినీళ్ళలా తెల్లగా పోతుంటే అవసరానికి మించి తాగుతున్నట్టు. పొద్దుటి మొదటి మూత్రం ముదురుగా ఉండడం సహజం, దాన్ని చూసి భయపడవద్దు; బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నవారికి రంగు ఎలాగూ మారుతుంది కాబట్టి ఆ గుర్తు వారికి పనికిరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు సూచించేది రోజుకు సుమారు ఎనిమిది గ్లాసులు, అంటే 2 లీటర్లు. ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో, మామిడితోటల్లో కాయ కోసేవారికీ, ఇటుకల పని చేసేవారికీ ఇది చాలదు. చెమట ఎంత పోతే అంత తిరిగి తాగాలి. ఇంట్లో ఉండే పెద్దావిడకు 2 లీటర్లు, బాగా ఎండగా ఉన్న రోజుల్లో అరలీటరు ఎక్కువ సరిపోతుంది. మజ్జిగ, పాలు, చారు కూడా లెక్కలోకి వస్తాయి. ఫిల్టర్ కాఫీ ఒంట్లో నీటిని లాగేస్తుందనే భయం ఎక్కువ. అలవాటున్నవారు తాగే రెండు కప్పుల్లోని నీరు కూడా ఒంటికి పట్టేదే, పైగా కొందరిలో పొద్దుటి కాఫీ పెద్దపేగును కదిలిస్తుంది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది కాబట్టి ఆవిడను దాహం కోసం ఎదురుచూడనివ్వకుండా పూటకు ఇంత అని అలవాటు చేయండి, కానీ రాత్రి ఏడు దాటాక తగ్గించండి.

పీచు సంగతి మీరు అసలు రాయలేదు, నేను ఎక్కువగా అడగదలచుకున్నది అదే. పొద్దున ఇడ్లీయో పొంగలో, మధ్యాహ్నం తెల్లన్నం పప్పుచారు, రాత్రి మళ్ళీ అన్నమో దోసెలో అయితే, ఆవిడ ఎన్ని నీళ్ళు తాగినా ఆ నీటిని పట్టుకునేది పేగులో ఏమీ ఉండదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, అదే బరువు రాగుల్లో 11 గ్రాములు. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పాతతరం వాళ్ళ మధ్యాహ్న భోజనం సంగటి. ఆ సంగటిని మనమే చేజేతులా ఆదివారం హోటల్లో నాటుకోడి పులుసుతో తినే వంటకంగా మార్చుకున్నాము. రోజూ ఒక పూట పిడికెడు నూకలతో, మూడు పిడికిళ్ళ రాగిపిండితో సంగటి చేసి, ఆకుకూర పప్పుతోనో ఊరుబిండితోనో పెడితే ఆ ఒక్క పూటలోనే ఏడెనిమిది గ్రాముల పీచు వస్తుంది. రోజు మొత్తానికి కావలసింది 25 నుంచి 30 గ్రాములు.

మిగతాది కూడా మన ఊరి సంతలోనే దొరుకుతుంది. మునగాకు, తోటకూర, చింతచిగురు, అలసందలు, పెసలు, ఉలవలు, ఏది తెచ్చినా మంచిదే. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిన పప్పు చేసుకోవడం మన జిల్లా వాళ్ళకు ఎంత ఇష్టమో నాకు తెలుసు, నాకూ ఇష్టమే. అయితే పీచు ప్రధానంగా ఉండేది మనం పితికి పారేసే పొట్టులోనే. మలబద్ధకం ఉన్నవారు అవే గింజలను పొట్టుతో ఉడికించి గుగ్గిళ్ళుగానో పులుసుగానో తినడం మేలు. పండ్లలో జామకు సాటి తక్కువ, 100 గ్రాముల్లో 8 గ్రాములకు పైగా పీచు ఉంటుంది. పళ్ళు బలంగా లేకపోతే బాగా పండిన బొప్పాయి తినవచ్చు. ఇవన్నీ ఒక్కరోజులో మొదలుపెట్టవద్దు. కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి, ఇదంతా తనకు సరిపడదని ఆవిడ మూడోరోజే మానేస్తారు. మొదటివారం సంగటి ఒక పూట, రెండోవారం దానికి తోడు ఒక కప్పు ఆకుకూర, మూడోవారం పండు, ఇలా పెంచండి.

పొద్దుటి లీటరున్నర నీటికి బదులు నేను గట్టిగా చెప్పేది అంబలి. ముందురోజు రాత్రి రాగిపిండిని జావగా కాచి ఉంచి, తెల్లవారి పలచని మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు కలిపి పెద్ద గ్లాసుడు తాగితే నీరూ, ఆ నీటిని పట్టుకునే పీచూ ఒకేసారి లోపలికి వెళతాయి. రక్తపోటు ఉంది కాబట్టి ఉప్పు చిటికెడు దాటనివ్వవద్దు.

పీచు నీటిని పట్టుకోవడం అంటే ఏమిటో అమ్మగారికి కళ్ళారా చూపించండి. ఒక గాజుగ్లాసు నీళ్ళలో చెంచాడు సబ్జా గింజలు వేసి పావుగంట ఆగండి. నల్లని ప్రతి గింజ చుట్టూ తెల్లని జిగురు పొర కట్టి, గింజలన్నీ ఉబ్బి, గ్లాసు సగం దాకా పేరుకుంటాయి. ఇప్పుడు వాటిని టీ వడపోసే జల్లెట్లో పోస్తే మిగిలిన నీరు కారిపోతుంది కానీ, గింజలు పట్టుకున్న నీరు కారదు. చెంచాతో నొక్కినా సులువుగా వదలదు. పెద్దపేగు పీల్చేటప్పుడు కూడా అలా పట్టుకున్న నీరే మలంలో మిగులుతుంది. ఈసబ్‌గోల్ పొట్టు ఇంకా బలంగా ఇదే పని చేస్తుంది. తిండితో సరిపోకపోతే రాత్రి భోజనం తరువాత ఒక చెంచా ఈసబ్‌గోల్‌ను పావులీటరు నీళ్ళలో కలిపి, చిక్కబడకముందే వెంటనే తాగించి, మరో అరగ్లాసు నీరు ఇవ్వండి. ఇక్కడ నీటి విషయంలో రాజీ పడకూడదు: పొడిగానో, రెండు గుక్కల నీళ్ళతోనో మింగితే అది గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. తాగగానే పడుకోనివ్వవద్దు, మిగతా మాత్రలకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. మింగడానికి కష్టపడేవారికి ఇది ఇవ్వకూడదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రల జాబితా. ఐరన్ మాత్రలు, కాల్షియం కార్బొనేట్ మాత్రలు రెండూ మలాన్ని గట్టిపరుస్తాయి. ఐరన్ మలాన్ని నల్లగా కూడా చేస్తుంది, దాన్ని రక్తమని పొరబడేవారున్నారు. రక్తపోటు మందుల్లో వెరాపమిల్ మలబద్ధకానికి బాగా పేరుపడింది, ఆమ్లోడిపిన్‌తో కూడా కొందరికి వస్తుంది. మోకాళ్ళ నొప్పులకు ట్రమడాల్ ఉన్న మాత్రలు, దగ్గుకు కోడీన్ ఉన్న సిరప్పులు, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు మధ్యలో ఎప్పుడైనా వాడారేమో అడగండి. ఒక కాగితం మీద ప్రతి మాత్ర మొదలైన నెలను, మలబద్ధకం మొదలైన నెలను పక్కపక్కన రాయండి. చాలా ఇళ్ళలో ఆ కాగితమే సగం జవాబు చెబుతుంది. ఐరన్‌ను మరో రకానికి మార్చడమో, రోజు విడిచి రోజు ఇవ్వడమో, కాల్షియం కార్బొనేట్ బదులు సిట్రేట్ ఇవ్వడమో డాక్టరుగారు చేయగలరు. ఇవేవీ కాకపోతే థైరాయిడ్ తగ్గడం, రక్తంలో కాల్షియం పెరగడం కూడా కారణాలు కావచ్చు కాబట్టి ఆ రెండు పరీక్షలు కూడా అడగండి.

వేళ విషయం కొంత చెప్పాలి. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. రాత్రంతా నిదానించిన పేగు పొద్దున టిఫిను తరువాత ఎక్కువగా కదులుతుంది. ఆ అరగంటలో వచ్చే పిలుపును వంట పనో, పిల్లల బాక్సులో అని వాయిదా వేస్తే పిలుపు ఆగిపోతుంది, మలం లోపలే ఉండి ఇంకా ఎండుతుంది. పెద్దావిడను టిఫిను అయిన పావుగంటకు, పిలుపు వచ్చినా రాకపోయినా, అయిదు పది నిమిషాలు కూర్చోమనండి. ముక్కవద్దని, ఫోను తీసుకెళ్ళవద్దని చెప్పండి. ఇంట్లో ఉన్నది కమోడ్ అయితే పాదాల కింద జానెడు ఎత్తు పీట వేయండి. గొంతుక్కూర్చున్నప్పుడు పురీషనాళం వంపు సవరించుకొని దారి సాఫీ అవుతుంది. మోకాళ్ళు నడుము కంటే పైకి వస్తే కమోడ్ మీద కూడా దాదాపు అదే వీలు కలుగుతుంది. మోకాళ్ళు నొప్పులున్నవారికి ఇది ఎంతో ఉపయోగం.

భోజనం మధ్యలో నీళ్ళు తాగితే జీర్ణరసాలు పలచబడి అరుగుదల చెడుతుందన్న భయం అక్కర్లేదు. తాగిన నీరు పొట్టలో ఎక్కువసేపు నిలవదు, చాలావరకు అరగంటలోపే కిందికి జారిపోతుంది, పొట్ట అవసరమైన ఆమ్లాన్ని మళ్ళీ ఊరిస్తుంది. పీచు ఎక్కువగా తినే భోజనంతో ఒక గ్లాసు నీరో మజ్జిగో తాగడం మంచిదే. ఛాతీలో మంట, పుల్లని తేన్పులు ఉన్నవారు మాత్రం ఒకేసారి కడుపునిండా తాగకూడదు. పొద్దున గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసు తాగితే హాయిగా ఉందని ఆవిడ అంటే తాగనివ్వండి. ఉషఃపానం మన పెద్దల అలవాటు, ఒక గ్లాసుతో నష్టం లేదు, ఇబ్బంది ఒకేసారి లీటరున్నరతోనే. రాగిచెంబులో రాత్రంతా ఉంచిన నీటిలో సూక్ష్మజీవులు తగ్గుతాయి కానీ, అది మలబద్ధకానికి మందు కాదు. బోరునీళ్ళు మానేసి క్యాను నీళ్ళు తాగడం వల్లనే ఇలా అయిందని కొందరు నన్ను అడుగుతుంటారు. మెగ్నీషియం, సల్ఫేట్ చాలా ఎక్కువున్న బోరునీరు విరేచనాన్ని కాస్త వదులు చేయగలదు, ఫిల్టరు వాటిని తీసేస్తుంది. అంత ఉప్పునీటిని ఆ కారణంతో తాగమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

నీరు, పీచు రెండూ సరిపడా ఉన్నా ఫలితం కనిపించనివారు ఉంటారు. కొందరిలో ముక్కేటప్పుడు వదులు కావలసిన కండరాలు బిగుసుకుంటాయి. మలం మెత్తగానే ఉన్నా బయటికి రాదు, ఇంకా మిగిలిపోయినట్టు అనిపిస్తుంది, కొందరు వేలితో తీసుకోవలసి వస్తుంది. ఈ మాట సిగ్గుతో ఎవరికీ చెప్పరు, మీరు గానీ మీ ఇంట్లోని ఆడవాళ్ళు గానీ మెల్లగా అడిగి తెలుసుకోండి. దీనికి పీచు పెంచడం కంటే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ బాగా పనిచేస్తుంది. అలాగే పెద్దవారిలో చాలా రోజులు మలం లేక, ఉన్నట్టుండి పలచగా, తెలియకుండా బట్టల్లో పడుతుంటే అది విరేచనాలు పట్టడం కాదు. లోపల గట్టిగా అడ్డుపడిన మలం పక్కల నుంచి ద్రవం కారుతోందని అనుమానించి వెంటనే చూపించాలి, విరేచనాలు కట్టే మాత్ర ఇవ్వకూడదు. ఆముదం, సునాముఖి లాంటివి ఎప్పుడో ఒకసారి తప్ప ఇంటివైద్యంగా రోజూ వాడకండి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, మలం సన్నగా రిబ్బనులా రావడం, వాంతులతో పొట్ట ఉబ్బడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆహారంతో ప్రయోగాలు చేస్తూ కూర్చోవద్దు. అమ్మగారికి ఐరన్ ఎందుకు రాశారో మీరు చెప్పలేదు. రక్తం తక్కువగా ఉందని రాసి ఉంటే, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకంతో పాటు రక్తహీనత కూడా ఉన్నట్టు అవుతుంది. అప్పుడు స్విమ్స్ వంటి పెద్దాసుపత్రిలో గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టరుకు చూపించి, పెద్దపేగు ఎండోస్కోపీ అవసరమా అని అడగాలి. ఇది నేను మీకు నొక్కి చెబుతున్న మాట.

అలాంటి సూచనలేవీ లేకపోతే, నీటిని 2 లీటర్లకు తెచ్చి, అంబలి, సంగటి, ఆకుకూర, టిఫిను తరువాతి వేళ, సాయంత్రం అరగంట నడక, ఇవన్నీ మూడు నాలుగు వారాలు పట్టుదలగా సాగించి చూడండి. విరేచనమైన రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టి, గట్టిగానా మెత్తగానా అని ఒక మాట పక్కన రాయించండి. వారానికి మూడుసార్లు, ముక్కకుండా, మెత్తగా అయితే చాలు. రోజూ కావాలనే నియమం లేదు. అప్పటికీ మారకపోతే ఆ క్యాలెండరు, మాత్రల కాగితం తీసుకొని డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. ఆయన పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాస్తే అలవాటు పడిపోతామని భయపడకుండా చెప్పినన్నాళ్ళు వాడించండి, ప్యాకెట్టు మీద రాసినంత నీటిలోనే కలపండి, ఆ రోజుల్లో కూడా సంగటి, ఆకుకూర ఆపవద్దు.